ఎనిమిది కోసం సోడియం ఆరాటపడుతుందా?

ప్రశ్న: సోడియం ఒక ఎలక్ట్రాన్‌ని ఇచ్చేస్తుంది, క్లోరిన్ పుచ్చుకుంటుంది, రెండిటికీ బయటి కక్ష్యలో ఎనిమిది పూర్తవుతాయి అని చదువుకున్నాం. కానీ సోడియం నుంచి ఎలక్ట్రాన్‌ని తీయడానికి మోల్‌కు 496 కిలోజౌళ్లు కావాలని పట్టికలో ఉంది. ఇష్టపడి ఇచ్చేదానికి అంత శక్తి ఎందుకు?
- ఇంటర్ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: ‘ఇష్టపడి ఇస్తుంది’ అనేది పాఠం చెప్పే వీలు కోసం వాడే మాట. ఏ పరమాణువూ తనంతట తాను ఎలక్ట్రాన్‌ని వదలదు, లాగాల్సిందే. మరి ఉప్పు ఎలా తయారవుతోందో జమాఖర్చు వేసి చూడండి. అంకెలన్నీ మోల్‌కు కిలోజౌళ్లలో.

ఘన సోడియాన్ని విడి పరమాణువులుగా ఆవిరి చేయడానికి 107. క్లోరిన్ అణువులను విరిచి ఒక మోల్ పరమాణువులు తీయడానికి 121. సోడియం నుంచి ఎలక్ట్రాన్‌ని లాగడానికి 496. మొత్తం ఖర్చు 724. ఆ ఎలక్ట్రాన్‌ని తీసుకుంటూ క్లోరిన్ విడుదల చేసేది 349 మాత్రమే. అంటే రెండిటికీ ఎనిమిదేసి పూర్తయ్యాక కూడా 375 బాకీ! ఆ బాకీ తీర్చేది జాలక శక్తి. ధన, రుణ అయాన్లు (ఎలక్ట్రాన్ పోయిన సోడియం, ఎలక్ట్రాన్ చేరిన క్లోరిన్) ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుని స్ఫటికమయ్యేటప్పుడు 787 విడుదలవుతుంది. మిగులు 412. ప్రయోగంలో కొలిస్తే 411 వస్తుంది, ఆ ఒక్క తేడా అంకెలను సవరించి వేసుకోవడం వల్ల.

మరి సోడియం ఒకటితోనే ఎందుకు ఆగుతుంది? రెండో ఎలక్ట్రాన్ లోపలి కక్ష్యలోది, దానికి 4562 కావాలి. ఏ జాలకమూ ఆ ఖర్చు భరించలేదు. మెగ్నీషియానికి మొదటి రెండూ బయటివే కాబట్టి 738, 1451తో సరిపోతుంది. మూడోదానికి మాత్రం 7733. ఎనిమిది దగ్గర ఆగడం పరమాణువు కోరిక కాదు, అక్కడి నుంచి ఖర్చు ఒక్కసారిగా ఎగబాకడం.

ప్రశ్న: మా అబ్బాయి టెన్త్. కార్బన్ డయాక్సైడ్‌కు చుక్కల నిర్మాణం గీస్తే ప్రతిసారీ ఎలక్ట్రాన్లు ఎక్కువైపోతున్నాయి. తప్పు ఎక్కడ?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: గీయడానికి ముందు లెక్కపెట్టమనండి. బయటి కక్ష్యలో కార్బన్‌కు 4, ఆక్సిజన్‌లకు ఆరేసి ఎలక్ట్రాన్లు, మొత్తం 16, అంటే 8 జంటలు. ఈ అంకెను కాగితం మూలన రాసుకోవాలి. మధ్యలో కార్బన్, అటూ ఇటూ ఆక్సిజన్ పెట్టి ఒక్కో గీత గీస్తే 2 జంటలు పోయాయి. మిగిలిన ఆరింటిని ఆక్సిజన్‌లకు మూడేసి ఇచ్చేస్తే చేతిలో ఇంకేమీ లేదు. ఇప్పుడు ఆక్సిజన్‌ల చుట్టూ ఎనిమిదేసి ఉన్నాయి, కార్బన్ చుట్టూ నాలుగే.

సాధారణంగా పిల్లలు తప్పేది ఇక్కడే. కార్బన్‌కు తక్కువయ్యాయి కదా అని దాని మీద ఇంకో రెండు జంటలు పెట్టేస్తారు, లెక్క 20కి పోతుంది. కొత్తవి తేకూడదు, ఉన్నవాటినే జరపాలి. ఒక్కో ఆక్సిజన్ మీది ఒంటరి జంటల్లో (బంధంలో లేని జంటల్లో) ఒకదాన్ని కార్బన్ వైపు తిప్పి రెండో గీతగా మార్చండి. కార్బన్‌కూ ఎనిమిది వచ్చాయి, మొత్తం 16 దాటలేదు. చివర్లో మూలన రాసుకున్న అంకెతో సరిచూసుకోవడం మరవకూడదు.

అయాన్లతో ఇంకో చిక్కు. అమ్మోనియం మీద ధనావేశం ఉందని ఒకటి కలిపేస్తుంటారు. ధనావేశం అంటే ఒకటి పోయిందని, తీసేయాలి: 5 + 4 − 1 = 8. నైట్రేట్‌కు కలపాలి: 5 + 18 + 1 = 24.

ప్రశ్న: బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లో బోరాన్ చుట్టూ ఆరే వస్తున్నాయి. నేను గీసింది తప్పా?
- డిగ్రీ విద్యార్థి, విజయనగరం

జవాబు: తప్పు కాదు, ఆరే. అందుకే అమోనియా తగలగానే దాని నైట్రోజన్ మీది ఒంటరి జంటను బోరాన్ పంచుకుంటుంది, సమన్వయ సమయోజనీయ బంధం ఏర్పడుతుంది. నైట్రిక్ ఆక్సైడ్‌లో మొత్తం 11, బేసి సంఖ్య కాబట్టి ఎంత జరిపినా ఇద్దరికీ ఎనిమిది రావు. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ బొమ్మలో సల్ఫర్ చుట్టూ 12 కనిపిస్తాయి. దీనికి డి ఆర్బిటాళ్లే (పరమాణువులో ఎలక్ట్రాన్లు ఉండే ఒక రకం చోట్లు) కారణమని చాలా పుస్తకాలు ఇంకా రాస్తున్నాయి గానీ, ఆధునిక గణనల్లో వాటి పాత్ర చాలా స్వల్పమని తేలింది. ఆరు ఫ్లోరిన్‌లు చుట్టూ పట్టేంత పెద్దది సల్ఫర్, ఎలక్ట్రాన్‌లను తమ వైపు గట్టిగా లాక్కునేవి ఫ్లోరిన్‌లు. పరీక్షలో మాత్రం మీ పుస్తకంలో ఉన్నదే రాయండి.