ఫిజిక్స్ లెక్చరరైతే వీణకు తీరిక దొరుకుతుందా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ మొదటి ఏడాదిలో ఉన్నాను. లెక్చరర్ కావాలని నా కోరిక. చిన్నప్పటి నుంచి వీణ నేర్చుకుంటున్నాను, దాన్ని వదులుకోలేను. ఈ ఉద్యోగంలో చేరితే ఇక దేనికీ తీరిక ఉండదని సీనియర్లు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?
- ఒక విద్యార్థిని

జవాబు: ఆ సీనియర్లు ఎక్కడ పనిచేస్తున్నారో కనుక్కోండి. కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో అయితే వాళ్లు చెప్పేది అబద్ధమేమీ కాదు. పొద్దున క్లాసులు, సాయంత్రం స్టడీ అవర్స్, వారాంతం టెస్టులు, ఆ మార్కుల మీద మీటింగులు. చేరిన కొత్తలో జీతం డిగ్రీ కాలేజీ గెస్ట్ లెక్చరర్ కంటే బాగానే ఉండొచ్చు గానీ, సాయంత్రాలు మాత్రం మీ చేతిలో ఉండవు.

డిగ్రీ కాలేజీలో రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ సంగతి వేరు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం వారానికి 16 గంటల బోధన, మొత్తం పని 40 గంటలకు తగ్గకూడదు. మిగతా 24 గంటలూ ఖాళీయే అనుకునేరు! ఫిజిక్స్ వాళ్లకు ల్యాబ్ ఒకటుంది. స్పెక్ట్రోమీటర్ ప్రయోగం ఉన్న రోజు బ్యాచ్‌లో సగం మందికి స్లిట్ ప్రతిబింబమే కనబడదు. ఒక్కొక్కరి దగ్గరా వంగి టెలిస్కోపు సరిచేయాలి, వెర్నియర్ తప్పు చదివినవాళ్లతో రీడింగులు మళ్లీ తీయించాలి. ఇదంతా అయ్యేసరికి దిద్దాల్సిన రికార్డుల కట్ట బల్ల మీద సిద్ధంగా ఉంటుంది. సెమిస్టర్ చివర ప్రాక్టికల్ పరీక్షలు, వాల్యుయేషన్ వస్తే కొన్ని వారాలు వీణ ముట్టుకోలేరు. ఆ రోజుల్లో కచేరీలు ఒప్పుకోకండి. మిగతా ఏడాదంతా రోజూ సాధనకు ఒక గంట కచ్చితంగా మిగుల్తుంది.

ఆ ఉద్యోగానికి దారి నెట్, అంటే జాతీయ స్థాయి అర్హత పరీక్ష. ఎమ్మెస్సీలో 55 శాతం మార్కులుండాలి, రిజర్వుడ్ వర్గాలకు 50 చాలు. 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పీహెచ్‌డీ తప్పనిసరి కాదు, నెట్ లేదా సెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష) ఉంటే సరిపోతుంది. అయితే సెట్ ఆ రాష్ట్రానికే పరిమితం. సైన్సు వాళ్లు రాసేది సీఎస్ఐఆర్ నెట్. అందులో ఫిజికల్ సైన్సెస్ పేపరు 200 మార్కులకు ఉంటుంది. ఆ మార్కుల్లో సగం పార్ట్-సిదే: 30 ప్రశ్నల్లో 20 రాయాలి, ఒక్కోదానికి 5 మార్కులు. తప్పు జవాబుకు పావు వంతు కోత. సెమిస్టర్ నోట్సు బట్టీ పట్టినవాళ్లు అక్కడే ఆగిపోతారు. క్వాంటం, స్టాటిస్టికల్ మెకానిక్స్, ఎలక్ట్రోడైనమిక్స్ లెక్కలు ఇప్పటి నుంచే చేతికి అలవాటు చేసుకోండి. అదే పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37 వేల ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేయొచ్చు. నా ఓటు దానికే, ఎందుకంటే పై పోస్టులకు వెళ్లాలంటే ఎప్పటికైనా పీహెచ్‌డీ కావాల్సిందే.

మీ వీణ ఫిజిక్స్‌కు పరాయిదని మాత్రం అనుకోకండి. మామూలు లెక్కన తీగను ఏ బిందువు దగ్గర మీటితే, అక్కడ నోడ్ (కదలిక లేని చోటు) ఉండే ఉపస్వరాలు, అంటే అసలు స్వరంతో పాటు సన్నగా వినిపించే పై స్వరాలు, పలకకూడదు. వీణలో, తంబురాలో అవి కూడా పలుకుతాయని, తీగ ఆనుకునే బ్రిడ్జి వంపే అందుకు కారణమని సి.వి. రామన్ 1921లో రాశారు. డెమో క్లాసు ఇవ్వమంటే ఈ పాఠమే చెప్పండి, మీ అంత బాగా ఇంకెవరూ చెప్పలేరు. ఢాకా యూనివర్సిటీలో పాఠాలు చెబుతూనే 1924లో వేడి వస్తువుల వికిరణాన్ని వివరించే ప్లాంక్ సూత్రాన్ని కొత్త దారిలో రాబట్టిన సత్యేంద్రనాథ్ బోస్ కూడా ఎస్రాజ్ అనే తంత్రీ వాద్యం వాయించేవారు.

ఒక చిక్కు ఉంది. రెగ్యులర్ పోస్టుల నోటిఫికేషన్లు ఏటా పడవు. ఈలోగా గెస్ట్‌గానో ప్రైవేటులోనో చేరక తప్పకపోవచ్చు. అప్పుడు జీతం ఒక్కటే మాట్లాడుకుని సంతకం పెట్టేయకండి. వారానికి పీరియడ్లెన్ని, స్టడీ అవర్స్ డ్యూటీ ఉందా, ఆదివారం రావాలా అని ఇంటర్వ్యూలోనే అడిగి, వీలైతే ఆర్డర్‌లో రాయించుకోండి. "అవన్నీ చేరాక చూద్దాం లేమ్మా" అన్నారంటే స్టడీ అవర్స్ ఉన్నట్టే లెక్క.