అక్కతో కాసేపు: ఈ నెల వచ్చిన మూడు ఉత్తరాలు

ప్రశ్న: వందనాలు అక్కా. మా అబ్బాయికి 22 ఏళ్లు, చిన్నప్పట్నుంచీ సంఘంలోనే పెరిగాడు, ఆరాధనలో కీబోర్డ్ వాయిస్తాడు. రెండు నెలల కిందట ఒక రాత్రి నా పక్కన కూర్చొని, అమ్మా నేను గే, అమ్మాయిల మీద నాకు ఆ ఇష్టం ఎప్పుడూ కలగలేదు అని చెప్పాడు. మా ఆయన అప్పట్నుంచి వాడితో మాట్లాడట్లేదు. పెద్దలకి చెప్తే, మారేదాకా కీబోర్డ్ ముట్టుకోనివ్వద్దు, ఉపవాస ప్రార్థన పెట్టిద్దాం అన్నారు. నేను వాణ్ణి వదులుకోలేను, దేవుణ్ణీ వదులుకోలేను. ఏం చెయ్యను? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ రాత్రి వాడు చెప్పాక మీరేమన్నారో ఉత్తరంలో రాయలేదు. నోట మాట రాకపోయి ఉంటుంది, అర్థం చేసుకోగలను. ఇప్పుడైనా అనొచ్చు కదా, ఇవాళే అనండి, నువ్వు నా కొడుకువి, నన్ను నమ్మి చెప్పావు, నాకది చాలు అని. మిగతా విషయాలు నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు, ఈ మాట మాత్రం ఆలస్యం చెయ్యొద్దు.

ఉపవాస ప్రార్థన సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే సేవలోకి వచ్చిన కొత్తలో ఇలాగే ఒక తల్లి ఏడుస్తూ వస్తే నేనూ అదే చెప్పాను. 21 రోజులు పెట్టాం. ఆ అబ్బాయి ఒక్క రోజు కూడా మానలేదు, అందరూ లేచాక కూడా వాడొక్కడే మోకాళ్ల మీద ఉండేవాడు, చివరి రోజు చూస్తే రెండు మోకాళ్ల దగ్గరా ప్యాంటు తెల్లగా అరిగిపోయి ఉంది. మర్నాటి నుంచి రాలేదు, మళ్లీ ఎప్పుడూ రాలేదు. వాడికి దేవుడు కావాలి, అందుకే అన్ని రోజులొచ్చాడు, మేమే వాడు ఇలా ఉంటే దేవుడికి పనికిరాడని 21 రోజులు నేర్పించి పంపించాం. ఇప్పటికీ ఆ అరిగిన ప్యాంటు కళ్ల ముందు కనిపిస్తుంది నాకు.

ఇది నా ఒక్కదాని అనుభవం అనుకోకండి. ఇలాంటివాళ్లని ప్రార్థనతో మారుస్తాం అని 1976లో మొదలైన ఎక్సోడస్ ఇంటర్నేషనల్ అనే పెద్ద పరిచర్య ఉండేది, దాని నాయకుడే 2013లో మా వల్ల గాయపడ్డవాళ్లందరికీ క్షమాపణ అని చెప్పి సంస్థని మూసేశాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే ఇది జబ్బు కాదని తన జాబితాలోంచి తీసేసింది. జబ్బు కానిదానికి వైద్యం చెయ్యబోతే మనిషే పాడైపోతాడు.

మరి వాక్యం సంగతేంటి అంటారు, అడగాల్సిందే. సొదొమ పాపం ఏంటో యెహెజ్కేలు 16:49లో ఉంది, తెరిచి చదవండి, గర్వం, తిండి పుష్కలంగా ఉండి కూడా దీనులకి చెయ్యి అందించకపోవడం అని రాసుంది. ఇంకోటి, నాకు చాలా ఇష్టమైన భాగం, అపొస్తలుల కార్యాలు 8లో ఐతియొపీయుడైన నపుంసకుడు. ద్వితీయోపదేశకాండం 23 ప్రకారం అలాంటివాడికి దేవుని సమాజంలో చోటు లేదు, అయినా యెరూషలేముకి వెళ్లి ఆరాధించి తిరిగొస్తూ రథంలో యెషయా గ్రంథం చదువుకుంటున్నాడు. చదువుతున్నది 53వ అధ్యాయం, అక్కణ్ణుంచి ఇంకొంచెం ముందుకెళ్తే 56లో నపుంసకులకి నా ఇంట్లో కొడుకులకన్నా కూతుళ్లకన్నా మంచి పేరు ఇస్తానని దేవుడే అంటాడు. దారిలో నీళ్లు కనిపించగానే అతను అడిగింది ఒక్కటే, నాకు బాప్తిస్మం ఇవ్వడానికి ఆటంకమేంటి అని. రథం ఎక్కి ఆ లేఖనం వివరించిన ఫిలిప్పు అనే సువార్తికుడు లిస్టు తియ్యలేదు, ముందు మారి రా అనలేదు, ఇద్దరూ కలిసి నీళ్లలోకి దిగారు.

రోమా 1 చూపించి వేరేలా చెప్పే విశ్వాసులు చాలామంది ఉన్నారు, వాళ్లలో ప్రార్థనాపరులూ ఉన్నారు, నేను కాదనను. కానీ ఆ అధ్యాయం చదివి అక్కడే ఆపేసి, 2వ అధ్యాయం మొదటి వచనం, తీర్పు తీర్చే మనిషీ నువ్వు నిరుత్తరుడివి అన్నది మాత్రం వదిలేయడం న్యాయం కాదు. సంఘాలు కూడా మళ్లీ ఆలోచిస్తున్నాయి, గే అయినవాళ్లు పాస్టర్లు కాకూడదని దశాబ్దాలుగా ఉన్న నిషేధాన్ని యునైటెడ్ మెథడిస్ట్ సంఘం 2024లో ఓటు వేసి తీసేసింది. నా మటుకు నేను మీ అబ్బాయి చేతి నుంచి ప్రభువు బల్ల రొట్టె సంతోషంగా తీసుకుంటాను.

మీ ఆయనతో గొడవ పడొద్దు, ఆయన భయంలో ఉన్నారు, సంఘంలో తలెత్తుకోలేమని ఆయన బాధ. వాడితో దేవుడి గురించి మాట్లాడక్కర్లేదు, భోజనానికి రమ్మని ఒక్క పిలుపు పిలవమనండి చాలు. పెద్దలు కీబోర్డ్ ముట్టుకోనివ్వకపోతే ఇంట్లో వాయించుకోనివ్వండి, పక్కన కూర్చొని మీరు పాడండి. ఆ సంఘంలో ఉండాలా వేరే చోటికి వెళ్లాలా అన్నది మీరిద్దరూ నిర్ణయించుకోండి, వాడికి తెలియకుండా వాడి గురించి ఇంకెవరికీ చెప్పకండి, పెద్దలకి చెప్పేటప్పుడు వాణ్ణి అడిగారా లేదా ఆలోచించి, అడగకపోతే క్షమించమని అడగండి.

ప్రశ్న: అక్కా, నేను తొమ్మిదేళ్లుగా సండే స్కూల్ చెప్తున్నా. ఏడాది నుంచి డిప్రెషన్, డాక్టర్ మాత్రలు రాశారు. ప్రార్థన కూడికలో చెప్తే, మాత్రలు వేసుకుంటే విశ్వాసం లేనట్టే, సాక్ష్యం పాడవుతుంది అన్నారు. అప్పట్నుంచి దిండు కింద దాచుకొని వేసుకుంటున్నా. ఆపేయనా?

జవాబు: ఆపొద్దు తల్లీ. డాక్టర్‌ని అడగకుండా ఈ మాత్రలు ఒక్కసారిగా ఆపడం మంచిది కాదు, పైగా ఇవి పనిచెయ్యడం మొదలవ్వడానికే కొన్ని వారాలు పడుతుంది. షుగర్ ఉన్నాయన ఇన్సులిన్ వేసుకుంటే సాక్ష్యం పాడైందని ఏ కూడికలో అన్నారు? పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు, పౌలు ఆయన్ని ప్రియమైన వైద్యుడు అనే రాశాడు.

1 రాజులు 19 తెరవండి. ఏలీయా అంతకుముందే కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగడం కళ్లారా చూసినవాడు, అంత విశ్వాసం ఉన్నవాడు, అరణ్యంలో చెట్టు కింద కూలబడి ఇక చాలు నా ప్రాణం తీసుకో అన్నాడు. అప్పుడు దూత ఏం చేశాడో చూడండి, వాక్యం చెప్పలేదు, నీ విశ్వాసం ఏమైంది అని గద్దించలేదు. తట్టి లేపి, లేచి తిను అన్నాడు. తలగడ దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి. తిని మళ్లీ పడుకున్నాడు, పడుకోనిచ్చాడు, రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు, ప్రయాణం నీ శక్తికి మించింది అని చెప్పి మరీ. ఆయన తలగడ దగ్గర రొట్టె, మీ దిండు కింద మాత్రలు, నాకు రెండూ ఆ దూత పెట్టినట్టే అనిపిస్తాయి, కాకపోతే ఆయన దాచుకోలేదు, మీరూ దాచుకోవద్దు, టేబుల్ మీద పెట్టుకోండి.

చచ్చిపోవాలనే ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆ రోజే డాక్టర్‌కి చెప్పండి, నమ్మకమైన మనిషిని పక్కన ఉండమనండి, తెల్లారేదాకా ఆగొద్దు. పిల్లలకి పాఠం చెప్పే ఓపిక లేని ఆదివారం సెలవు తీసుకోండి, దానికి సంజాయిషీ అక్కర్లేదు.

ప్రశ్న: బైబిల్ కాలేజీలో చివరి సంవత్సరం చదువుతున్నాను అక్కా. నాకు వాక్యం చెప్పాలనే పిలుపు ఉంది. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని 1 కొరింథీ 14 చూపించి, పిల్లల పరిచర్య చూసుకో చాలు అంటున్నారు.

జవాబు: అదే పత్రిక 11వ అధ్యాయంలో స్త్రీలు సంఘంలో ప్రార్థన చేస్తూ ప్రవచిస్తూ ఉన్నట్టే పౌలు మాట్లాడతాడు, ఎలా చెయ్యాలో చెప్తాడు గానీ చెయ్యొద్దు అనడు, కాబట్టి 14లోది ఆ సంఘంలో జరిగిన ఏదో గందరగోళానికి చెప్పిన మాట అని నేను నమ్ముతాను. ఇక యూనీయ పేరు మీకు తెలిసే ఉంటుంది, అపొస్తలులలో ప్రసిద్ధికెక్కిందని రోమా 16:7లో ఉంది, 4వ శతాబ్దంలో ప్రసంగాలకి పేరుపొందిన సంఘ పితరుడు క్రిసోస్తము ఆమెని స్త్రీగానే గుర్తించి మెచ్చుకున్నాడు, తర్వాత తర్వాత కొందరు స్త్రీ అపొస్తలురాలు ఏంటని ఆ పేరునే మగ పేరుగా మార్చి రాసుకున్నారు.

ఫ్లోరెన్స్ లీ టిమ్ ఓయ్ గురించి చదవండి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో హాంకాంగ్ దగ్గరి మకావు నిండా శరణార్థులు, ప్రభువు బల్ల ఇవ్వడానికి అక్కడికి వెళ్లగలిగే గురువు ఒక్కరూ లేరు, అక్కడ ఉన్నది ఈమె. అందుకని 1944 జనవరి 25న బిషప్ రోనాల్డ్ హాల్ ఆమెకి గురువుగా అభిషేకం ఇచ్చాడు, ఆంగ్లికన్ సంఘాల్లో, అంటే ఇంగ్లండ్ సంఘం కుటుంబానికి చెందినవాటిలో, ఆమే మొదటి స్త్రీ గురువు. యుద్ధం అయిపోగానే అభ్యంతరాలు మొదలయ్యాయి, 1946లో ఆమె ఆ అధికారం వాడటం మానుకుంది, అభిషేకాన్ని మాత్రం వెనక్కి ఇవ్వలేదు. ఇంగ్లండ్ సంఘంలో మొదటి స్త్రీ గురువులు 1994లో వచ్చారు, ఆమె అభిషేకానికి సరిగ్గా 50 ఏళ్లకి. అవసరం వచ్చినప్పుడు కనిపించిన పిలుపు, అవసరం తీరాక అబద్ధం ఎలా అవుతుంది?

పిల్లల పరిచర్య చిన్నదని అనుకోకండి, ఇష్టమైతే చెయ్యండి, నోరు మూయించడానికి ఇస్తే మాత్రం నాకు వాక్యం చెప్పే పిలుపు కూడా ఉందని మర్యాదగా చెప్పండి. అవకాశం వచ్చిన రోజు మొదటి ప్రసంగానికి రోమా 16 తీసుకోండి, ఫీబే, ప్రిస్కిల్ల, మరియ, యూనీయ, పెర్సిసు, ఒక్క పేరూ వదలకుండా పైకి చదవండి.