కారు టెంపరేచర్ ముల్లు పైకెక్కినప్పుడు ఏం చూడాలి

తల్లీ,

నీ మెసేజ్ చదివాను. ముందు కారులో కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) లైటు వెలిగిందనీ, కాసేపటికి ఇంజన్ వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాకా వెళ్లిందనీ, తర్వాత దానంతటదే దిగిపోయి మరునాడు కారు మామూలుగా నడిచిందనీ రాశావు. మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక రేడియేటర్‌కి కూలెంట్ దారి తెరిచే వాల్వు) మార్చేద్దామంటున్నాడు, మార్పించనా పెదనాన్నా అని అడిగావు. ఇప్పుడే వద్దు. ఆయన చెప్పింది నిజమే కావచ్చు, కానీ ఏదీ పరీక్షించకుండా చెప్పిన మాట అది. ఇంజన్ వేడెక్కడానికి కారణాలు చాలా ఉంటాయి, మీటరులో కనిపించేది మాత్రం ఒకటే ముల్లు. ఏ పార్టు పోయిందో తేలాలంటే ముందు అది ఎప్పుడు వేడెక్కింది, ఎలాంటి నడకలో వేడెక్కింది అన్నది తెలియాలి. ఆ సంగతి స్టీరింగ్ పట్టుకున్న నీకు తెలిసినంతగా ఏ మెకానిక్‌కీ తెలియదు. అందుకే ఉత్తరం కాస్త పొడుగవుతోంది, ఓపిగ్గా చదువు.

మళ్లీ అలా జరిగితే ఏం చెయ్యాలో ముందు చెప్తాను. ముల్లు మామూలు చోటు దాటి పైకెక్కడం మొదలైందంటే ఏసీ ఆపెయ్. హీటరు పూర్తి వేడికి తిప్పి, బ్లోయర్ ఫుల్లుగా పెట్టి, అద్దాలు దించు. హీటర్ లోపల ఉండేది కూడా చిన్నపాటి రేడియేటరే, ఇంజన్ వేడిని కొంత కారు లోపలికి లాగేస్తుంది. ఉక్కపోస్తుంది, ఓర్చుకో. ఇదంతా బండి ఆపుకోవడానికి సరైన చోటు దొరికేదాకానే, ఇల్లు చేరడానికి కాదు. ఎర్ర లైటు వెలిగినా, ముల్లు ఎర్ర గీతలోకి వెళ్లినా, బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చినా వెంటనే పక్కకి తీసి ఇంజన్ ఆపేయాలి. ఇంకో రెండు కిలోమీటర్లే కదా అని నడపకు. ఇప్పటి ఇంజన్లలో హెడ్డు, అంటే ఇంజన్ పైభాగం, ఎక్కువగా అల్యూమినియందే. అతి వేడికి అది వంగుతుంది, దాంతో దాని కింద ఉండే సీలు, హెడ్ గ్యాస్కెట్ పోతుంది. ఒక గొట్టంతోనో మూతతోనో తీరిపోయే పని ఇంజన్ విప్పేదాకా వెళ్తుంది.

హీటరు పెట్టినప్పుడు ఒకటి గమనించు. ముల్లు పైన ఉండగా హీటర్లోంచి వేడిగాలి వస్తోందా, చల్లగాలి వస్తోందా? వేడి ఇంజన్ మీద చల్లగాలి వస్తోందంటే అక్కడిదాకా కూలెంట్ చేరట్లేదని అర్థం. కూలెంట్ తగ్గిపోయి ఉండాలి, లేదా లోపల గాలి చిక్కుకుని ఉండాలి, లేదా వాటర్ పంపు కూలెంట్‌ని తిప్పట్లేదు. రోడ్డు మీద, చేతిలో ఏ పనిముట్టూ లేకుండా చేయగల పరీక్షల్లో ఇంతకు మించింది లేదు.

ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు కూలెంట్ మూత ముట్టుకోవద్దు. ఇది బతిమాలి చెప్తున్నాను. మామూలు నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. సగం కూలెంట్, సగం నీళ్లు కలిపి, సుమారు ఒక బార్ ఒత్తిడి పట్టే మూత పెడితే దాదాపు 130 డిగ్రీల దాకా మరగవు. ప్రెషర్ కుక్కర్ సంగతి నీకు తెలుసుగా, అదే ఇక్కడ జరిగేదీ. మూత తిప్పగానే ఒత్తిడి పోయి, లోపలున్నదంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. గుడ్డ చుట్టి తీసినా అంతే. రేడియేటర్ పైగొట్టం మీద చెయ్యి పెట్టగలిగేంత చల్లారాలి, అందుకు అరగంట నుంచి గంట పట్టవచ్చు, ఆగు. తాళం తీసేసినా ఫ్యాన్ తనంతట తానే తిరగడం మొదలుపెట్టొచ్చు, వేళ్లూ చున్నీ దూరంగా ఉంచు. వేడి ఇంజన్ మీద చన్నీళ్లు కుమ్మరించడం, ఖాళీ అయిన రేడియేటర్లో చన్నీళ్లు పోసెయ్యడం రెండూ వద్దు, లోహం చిట్లుతుంది.

ఇక కారణం వెతకడం. పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తు. కూలెంట్ డబ్బా మీద మిన్, మ్యాక్స్ అని రెండు గీతలుంటాయి. కూలెంట్ వాటి మధ్య ఉందా? నీ కారులో ముందు వెలిగింది కూలెంట్ లైటు, ముల్లు ఎక్కింది ఆ తర్వాత. అందుకే నా అనుమానం థర్మోస్టాట్ మీద కంటే లీకు మీదే ఎక్కువ. చాలా కార్లలో లెవెల్ తగ్గిందని చెప్పే లైటు వేరు, వేడి ఎక్కువైందని చెప్పే లైటు వేరు. నీకు వెలిగింది ఏదో కారుతో ఇచ్చిన పుస్తకం తీసి బొమ్మ పోల్చుకో. ముల్లు దానంతటదే దిగిందని సంతోషించావు కదా, నన్ను టెన్షన్ పెట్టింది ఆ మాటే. వేడి కొలిచే సెన్సర్ కూలెంట్లో మునిగి ఉంటేనే సరిగ్గా చెప్తుంది. కూలెంట్ తగ్గి సెన్సర్ గాలిలో తేలితే, ఇంజన్ కాలిపోతున్నా ముల్లు కిందికి పడొచ్చు.

లెవెల్ తగ్గిందంటే అది ఎక్కడికో పోయింది. మూత బిగించి ఉండే వ్యవస్థ అది, రోజూ తాగే బండి కాదు. గొట్టాల క్లిప్పుల దగ్గర, రేడియేటర్ అంచుల్లో, వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం దగ్గర ఎండిపోయిన తెల్లటి లేదా రంగు పొర ఉందేమో టార్చి వేసి చూడు. లీకైన కూలెంట్ వేడికి ఆవిరైపోతుంది, మచ్చ మాత్రం మిగులుతుంది. కాబట్టి నేల మీద చుక్క పడలేదు కదా అని వదిలెయ్యకు. కారు లోపల తియ్యటి వాసన వస్తున్నా, ముందు అద్దం జిడ్డుగా మసకబారుతున్నా, కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉన్నా లీకు హీటర్ రేడియేటర్‌ది కావచ్చు. ఏమీ దొరక్కపోతే షెడ్డులో ప్రెషర్ టెస్టర్ పెట్టమను. ఇంజన్ ఆపి ఉండగానే పంపుతో ఒత్తిడి ఎక్కించి, ఆ టెస్టర్ ముల్లు నిలబడుతుందా పడిపోతుందా చూస్తారు. అదే పనిముట్టుతో మూతని కూడా పరీక్షించవచ్చు. మూత బలహీనపడితే కూలెంట్ ముందే మరిగి బయటికి తోసుకొస్తుంది. ఎవరూ పట్టించుకోని భాగం అది, నేనైతే ముందు దాన్నే అనుమానిస్తాను.

లెవెల్ సరిగ్గా ఉండీ వేడెక్కుతుంటే అప్పుడు నీ జ్ఞాపకం కావాలి. ట్రాఫిక్‌లో, సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడు ఎక్కి, బండి కదలగానే దిగుతోందా? అలాగైతే ఫ్యాన్ దగ్గరికి వెళ్లు. బండి నడుస్తుంటే ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, నిలబడితే ఫ్యాన్ ఒక్కటే దిక్కు. బండి ఆపి ఉంచి ఇంజన్ నడవనిచ్చి చూడు, వేడెక్కాక ఫ్యాన్ రావాలి. రాకపోతే ఏసీ వెయ్. చాలా కార్లలో ఏసీతో పాటు ఫ్యాన్ తిరుగుతుంది. ఏసీకి తిరిగి, వేడికి తిరగకపోతే మోటారు బాగానే ఉంది, సెన్సర్ వైపు వెతకాలి. రెండిటికీ తిరగకపోతే ఫ్యూజు, రిలే, కనెక్టర్, ఆ తర్వాతే మోటారు. ఈ వరసలోనే చూడమను, ఎందుకంటే రిలే మార్చడం నిమిషం పని.

అదే హైవే మీద, వేగంగా పోతున్నప్పుడో ఎత్తు ఎక్కుతున్నప్పుడో వేడెక్కుతుంటే ఫ్యాన్‌ని అనకు. అప్పుడు సమస్య కూలెంట్ ప్రవాహంలో ఉంటుంది. రేడియేటర్ లోపల పూడుకుపోయి ఉండొచ్చు, థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటూ ఉండొచ్చు, పంపు రెక్కలు అరిగి ఉండొచ్చు, పాతబడి మెత్తబడ్డ కింది గొట్టం వేగానికి లోపలికి ముడుచుకుపోతూ ఉండొచ్చు. ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో దుమ్మూ పురుగులూ పేరుకుపోవడం కూడా చూశాను. బయట నుంచి చూస్తే అంతా శుభ్రంగా కనిపిస్తుంది. నీళ్లు ఎక్కువ ఒత్తిడి లేకుండా ఇంజన్ వైపు నుంచి బయటికి కొట్టి కడగాలి.

మెకానిక్ చెప్పిన థర్మోస్టాట్ మాటకొద్దాం. అది సాధారణంగా 82 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలుపెడుతుంది. ముల్లు మామూలు చోటు దాటాక కూడా రేడియేటర్ పైగొట్టం కాలిపోతూ కింది గొట్టం చల్లగా ఉంటే థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండొచ్చు, లేదా దారిలో ఇంకేదో అడ్డుపడి ఉండొచ్చు. ఈ పరీక్ష చేతులతో చెయ్యకు, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చెయ్యమను. చేసి చూపించాక థర్మోస్టాట్ మార్పించు, నాకేం అభ్యంతరం లేదు. థర్మోస్టాట్ పీకేసి ఖాళీగా నడుపుకోమనే సలహా మాత్రం ఎవరిచ్చినా వినకు. ఇంజన్ సరైన వేడికి చేరదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అసలు రోగం అలాగే ఉంటుంది.

ఒక్కోసారి అబద్ధం చెప్పేది సెన్సరే. అది తేల్చడానికి కారు కంప్యూటర్ లెక్కలు చదివే ఓబీడీ స్కానర్ పెట్టి అసలు డిగ్రీలు చూడు. మీటరు ముల్లుని నమ్ముకుంటే చాలదు. చాలా కార్లలో కొన్ని డిగ్రీలు అటూ ఇటూ అయినా ముల్లు మధ్యలోనే కదలకుండా ఉండేలా తయారుచేస్తారు, అది కదిలేసరికే ఆలస్యం అవుతుంది. రాత్రంతా నిలిపిన కారులో పొద్దున్న ఇంజన్ వేసేముందు తాళం ఆన్ చేసి చూస్తే, కూలెంట్ వేడీ ఇంజన్ లోపలికొచ్చే గాలి వేడీ ఇంచుమించు ఒకటే ఉండాలి. చల్లటి ఇంజన్ 60 చూపిస్తే సెన్సర్ తప్పు. 90 నుంచి ఒక్క క్షణంలో 120కి దూకితే వైరో కనెక్టరో లూజు, అంత కూలెంట్ క్షణంలో అలా వేడెక్కదు. మైనస్ 40 చూపిస్తే వైరు తెగిందనుకో. నడుస్తున్నప్పుడు 85 నుంచి 105 మధ్య ఉంటే చాలా ఇంజన్లకి అది మామూలే. స్కానర్‌లో లోపం కోడ్ ఏమైనా ఉంటే రాసుకో: పి0217 అంటే కూలెంట్ అతిగా వేడెక్కినట్టు నమోదైంది, పి0117, పి0118 అంటే సెన్సర్ సర్క్యూట్‌లో తేడా.

హెడ్ గ్యాస్కెట్ గురించి నువ్వు అడగలేదు కానీ అది నీ మనసులో ఉందని తెలుసు. బయట ఎక్కడా లీకు లేకుండా కూలెంట్ తగ్గుతూ ఉంటే, ఇంజన్ వేడెక్కాక కూడా సైలెన్సర్‌లోంచి తియ్యటి వాసనతో తెల్లపొగ ఆగకుండా వస్తుంటే, కూలెంట్ డబ్బాలో ఆగకుండా బుడగలు లేస్తుంటే, చల్లటి ఇంజన్ వేసిన వెంటనే పైగొట్టం రాయిలా గట్టిపడుతుంటే అనుమానించాలి. అప్పుడు కూడా విప్పేముందు బ్లాక్ టెస్ట్ అడుగు. కూలెంట్ పైనున్న గాలిని నీలం ద్రవంలోంచి లాగుతారు, ఇంజన్ లోపల మండిన వాయువు కలిస్తే అది పసుపు రంగుకి తిరుగుతుంది. పెట్రోల్ ఇంజన్‌కి ఆ మార్పు బాగా తెలుస్తుంది.

కూలెంట్ నింపేటప్పుడు రంగు చూసి కొనొద్దు. ఒకే రంగులో వేర్వేరు రకాలుంటాయి, పడనివి కలిస్తే లోపల పేరుకుపోతాయి. పుస్తకంలో రాసిన రకమే వాడు. నీళ్లు కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటరే కలపాలి, కుళాయి నీళ్లకి లోపల సున్నపు పొర కడుతుంది. గత్యంతరం లేక మామూలు నీళ్లు పోసినా, ఆ తర్వాత మొత్తం మార్పించెయ్. ఏ పని చేయించినా లోపలి గాలి పూర్తిగా తీశారా అని అడుగు. ఆ గాలి మిగిలితే కొత్త పార్టు వేసినా అదే లైటు మళ్లీ వెలుగుతుంది, తప్పు కొత్త పార్టు మీద పడుతుంది.

రేపు పొద్దున్న ఇంజన్ వేయకముందు లెవెల్ చూసి, డబ్బా మీద మార్కర్‌తో గీత గీసి, ఫోటో తీసి పంపు. వారం రోజులు అదే వేళకి చూడు. ఈలోగా దూరప్రయాణం పెట్టుకోకు, లెవెల్ మిన్ గీత కింద ఉంటే కారు కదపకుండా ముందు నాకు ఫోన్ చెయ్.

ఆశీస్సులతో,
పెదనాన్న