రాయి చేత ఏడిపించడం గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. వచనం శుభ్రంగా ఉంది. అయితే కథానాయిక ఎక్కిన ఓడ విశాఖ రేవు దాటుతుంటే, డాల్ఫిన్స్ నోస్ కొండ మీది రాయి కన్నీరు పెట్టుకుని, "అణువణువునా చైతన్యముంది, నాకూ మనసుంది" అని పలికిన చోట నాకు ఒళ్ళు మండింది. ఆ మంట చల్లారకముందే ఈ ఉత్తరం రాస్తున్నాను.

చైతన్యం పదార్థానికి మౌలిక గుణమన్న ఆలోచనను నేను ఎగతాళి చేయడం లేదమ్మా. భౌతికశాస్త్రం ద్రవ్యరాశినీ విద్యుదావేశాన్నీ అవి చేసే పనిని బట్టి వివరిస్తుందే తప్ప, ఆ పని చేసేది స్వతహాగా ఏమిటో చెప్పదని 1920ల చివర్లో తత్త్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్, ఖగోళ శాస్త్రవేత్త ఆర్థర్ ఎడింగ్టన్ గుర్తుచేశారు. పదార్థమంతటా చైతన్యముందనే నేటి సర్వచైతన్యవాదులు చాలామంది ఆ ఖాళీలోనే అనుభూతికి చోటు వెతుకుతున్నారు. అనుభూతి బొత్తిగా లేని కణాలు ఎన్ని పోగైతే మాత్రం అనుభూతి ఎక్కడి నుంచి వస్తుందని వాళ్ళు అడుగుతారు. పులిసిన సరుకులో మత్తు పుట్టినట్టే మట్టి, నీరు, నిప్పు, గాలి అనే భూతాల కలయికలో చైతన్యం పుడుతుందని భౌతికవాదులైన మన చార్వాకులు ఏనాడో ఇచ్చిన జవాబు వాళ్ళకు చాలదు.

అయినా రాయికి మనసుందని వాళ్ళలో ఎక్కువమంది అనరు. ఎలక్ట్రాను వంటి దానికి అతి సరళమైన అనుభూతి ఏదో ఉండవచ్చునంటారు. రాయి వాటి పోగు మాత్రమే కావచ్చు. పన్నెండు పదాల వాక్యాన్ని పన్నెండు మందికి తలా ఒక పదంగా పంచితే, ఎవరి పదాన్ని వారు ఎంత గట్టిగా తలచుకున్నా మొత్తం వాక్యం ఎవరి ఎరుకలోనూ ఉండదని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1890లోనే రాశాడు. సర్వచైతన్యవాదానికి ఇప్పటికీ గొంతులో పడ్డ ముల్లు అదే, నీ కథ దాని జోలికే పోలేదు.

అసలు ఆ రాయిని చేతిలోకి తీసుకుని చూశావా? అది ఖోండలైట్ అనే రకం రాయి. ఎండకూ వానకూ పైభాగం తుప్పు రంగుకు తిరిగి పొడిపొడిగా రాలుతుంది, లోపల ఎర్రటి గార్నెట్ గింజలు కనిపిస్తాయి. ఆ గింజలు ఊడి, వాననీటి వెంట దిగి, తీరపు ఇసుకలో చేరతాయి. గింజకు గింజకు వేరువేరుగా ఎరుక ఉందనుకుంటే, ఆ ఓడను చూసి ఏడ్చిందెవరు? కొండా, గింజా, నిన్ననే ఇసుకలో కలిసిన గింజా?

కథలోని తాతగారి చేత అద్వైతమూ ఇదే చెప్పిందనిపించావు. చెప్పలేదు. శంకరులకు చైతన్యమొక్కటే పరమార్థ సత్యం, అణువులకు కొసరి కొసరి వడ్డించే గుణం కాదు. విజ్ఞానాన్నీ వేదాంతాన్నీ ఒకే విస్తట్లో కలిపేసే రచనలకు మన పత్రికలు పీట వేయడం వల్ల వచ్చిన జబ్బు ఇది.

పోర్టులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో నేను ఇనుప ఖనిజపు గుట్ట మీద ఒక కథ రాశాను. అందులో గుట్ట ఏమీ అనదు, కూలీ ఒక్కడే మాట్లాడతాడు. ఒక వారపత్రిక సంపాదకుడు నన్ను అడగకుండానే చివర గుట్ట చేత కన్నీళ్ళు పెట్టించి అచ్చువేశాడు. వచ్చిన ఉత్తరాలన్నీ ఆ కన్నీళ్ళనే మెచ్చుకున్నాయి! ఆ పత్రికకు నేను మళ్ళీ రాయలేదు.

నువ్వడిగిన కలం పేరు సంగతి తర్వాత చూద్దాం. తాతగారిని ఉంచు; ఆయన మాట పూర్తికాకముందే మనవరాలి చేత జేమ్స్ ప్రశ్న అడిగించు. ఆయన తడబడితే తడబడనీ. రాయి ఏడ్చే ఆ చివరి పేజీ మాత్రం కొట్టేసి పంపు.

విశాఖపట్నం