మూడు ఫేజుల దేశంలో ఒంటి ఫేజు కారు

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

అమెరికాలో వాడిన ఎలక్ట్రిక్ కారునే ఓడెక్కించి జర్మనీ తెప్పించుకుంటున్నావని, గరాజులో 11 కిలోవాట్ల ఛార్జర్ బిగిస్తే గంటకి 11 యూనిట్లు ఎక్కుతాయని లెక్క వేశావని మీ అమ్మ చెప్పింది. లెక్క తప్పింది అల్లుడూ. డబ్బు పెట్టకముందే ఇది చదువు.

గోడకి బిగించే వాల్‌బాక్స్ కరెంటుని ఏమీ మార్చదు, అది తెలివున్న స్విచ్చు, అంతే. ఏసీని డీసీ చేసే అసలు ఛార్జర్ కారు లోపల ఉంటుంది. అమెరికా ఇళ్ళకి వచ్చేది రెండు లైవ్ తీగలు, వాటి మధ్య 240 వోల్టులు. అందుకే అక్కడ అమ్మే కార్ల లోపలి ఛార్జర్ ఒంటి ఫేజుది. జర్మనీలో ఇంటికి వచ్చేది మూడు ఫేజులు, అంటే మూడు లైవ్ తీగలు. ఒక్కో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230, ఏ రెండు ఫేజుల మధ్య చూసినా 400. ఇక్కడి టైప్ 2 ప్లగ్గుకి ఏడు పిన్నులు, నీ కారు టైప్ 1 సాకెట్టుకి ఐదే. రెండో ఫేజు, మూడో ఫేజు వచ్చి దిగడానికి చోటే లేదు. 11 కిలోవాట్లంటే ఫేజుకి 16 ఆంపియర్లు. అందులో నీ వాటా ఒక్క ఫేజు: 230 × 16, అంటే 3.68 కిలోవాట్లు.

మిగిలిన రెండు ఫేజుల్ని కూడా ఎలాగోలా కలిపేద్దామని మాత్రం చూడకు. రెండు ఫేజుల్ని ఒకచోట ముడివేస్తే షార్టే. అంతకంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఇంకోటుంది. అమెరికా నుంచి తెచ్చిన పోర్టబుల్ ఛార్జర్‌కి రెండు లైవ్ తీగలు కావాలి కదా అని, ఎర్ర రంగు ఐదు పిన్నుల ఇండస్ట్రియల్ సాకెట్ నుంచి రెండు ఫేజులు లాగి అడాప్టర్ కట్టేస్తారు. 240కి చేసిన సరుకులోకి 400 దూరుతుంది. ఛార్జర్ పెట్టె పోతే పోయింది, కారు లోపలి ఛార్జర్ కూడా పోవచ్చు. ఆ పోర్టబుల్‌ని అక్కడే ఎవరికైనా అమ్మేసి రా. యూరప్ నియమాలకి సరిపోతుందని చెప్పే సీఈ గుర్తు లేని సరుకు గరాజులో వాడితే రేపు ఇన్సూరెన్స్ వాళ్ళతోనూ పేచీయే.

అసలు 3.68 చాలదా? రాత్రి పది గంటలు పెడితే సుమారు 37 యూనిట్లు. పదో వంతు నష్టం తీసేస్తే బ్యాటరీలోకి 33. వంద కిలోమీటర్లకి 20 యూనిట్లు తినే కారైనా 160 కిలోమీటర్ల పైమాటే. రోజూ అంత దూరం తిరుగుతావా?

22 కిలోవాట్ల బాక్స్ పెడితే ఒక్క ఫేజు మీదే 32 ఆంపియర్లు వస్తాయి కదా అని ఎవరో ఒకరు చెబుతారు. సాంకేతికంగా నిజమే. కానీ జర్మనీలో ఫేజుల మధ్య తేడా 4.6 కేవీఏ (కిలోవాట్ల లాంటిదే అనుకో) దాటకూడదన్న నియమం ఉంది, అంటే ఒంటి ఫేజు మీద 20 ఆంపియర్లు. పైగా 12 కేవీఏ దాటిన బాక్సుకి గ్రిడ్ కంపెనీ ముందస్తు అనుమతి కావాలి. 11 కిలోవాట్లదైతే తెలియజేస్తే సరిపోతుంది. నాలుగు ఆంపియర్ల కోసం అంత తిప్పట ఎందుకు? 2024 జనవరి 1 తర్వాత బిగించే, 4.2 కిలోవాట్లు దాటిన బాక్సుల్ని లైన్ మీద ఒత్తిడి ఎక్కువైనప్పుడు గ్రిడ్ కంపెనీ 4.2 దాకా తగ్గించవచ్చు. బదులుగా గ్రిడ్ ఛార్జీలో తగ్గింపు ఇస్తారు. ఆ ఛార్జీ తగ్గింపు మాత్రం అడిగి తీసుకో.

బాక్స్ కొనేటప్పుడు చూడాల్సింది ముఖ్యంగా ఒకటి: దానికి కేబుల్ అతికి ఉండకూడదు, సాకెట్ ఉండాలి. అతికి వచ్చే కేబుల్ చివర టైప్ 2 ఉంటుంది, నీ కారులో దూరదు. సాకెట్ ఉన్న బాక్సైతే ఇవాళ టైప్ 2 నుంచి టైప్ 1 కేబుల్, రేపు ఇక్కడి కారు కొంటే టైప్ 2 కేబుల్. నీది అమెరికా టెస్లా అయితే దాని సాకెట్టు వేరు, ఆ టైప్ 1 చివర కారుతో వచ్చిన చిన్న అడాప్టర్ తగిలించుకో. కేబుల్ 32 ఆంపియర్లది తీసుకో. యూరప్‌లో రోడ్డు పక్క ఏసీ స్తంభాలకి చాలావరకు సాకెట్టే ఉంటుంది, కేబుల్ మనమే తీసుకెళ్ళాలి, కాబట్టి డిక్కీలో పడి ఉండనీ.

ఎప్పుడైనా ఛార్జింగ్ అనుకున్నదానికంటే నెమ్మదిస్తే ముందు కేబుల్‌ని అనుమానించు. తన సత్తా ఎంతో కేబుల్ ఒక రెసిస్టర్‌తో బాక్సుకి చెబుతుంది. కేబుల్‌ని రెండు వైపులా ఊడదీసి, టైప్ 2 చివర ఆ రెసిస్టర్ కలిసే పీపీ పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య మల్టీమీటర్ పెట్టు. 220 ఓములు వస్తే 32 ఆంపియర్ల కేబుల్, 680 అయితే 20, 1500 అయితే 13. వ్యాపారి 32 అని చెప్పి 13ది అంటగట్టాడో లేదో అక్కడే తేలిపోతుంది.

వైరింగ్ నువ్వు ముట్టుకోకు. జర్మనీలో గ్రిడ్ కంపెనీ దగ్గర నమోదైన ఎలక్ట్రీషియనే చెయ్యాలి. పైగా నీకు మన రంగులు అలవాటు: ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్. యూరప్‌లో నీలమే న్యూట్రల్, నలుపు ఫేజు. గోధుమ, నలుపు, బూడిద రంగులు ఫేజులు, పసుపు, ఆకుపచ్చ చారలది ఎర్త్. నువ్వు దిగే ఇల్లు పాతదైతే ఇంకో తిరకాసు: 1965కి ముందు జర్మన్ వైరింగులో ఎర్ర తీగ ఎర్త్, బూడిద రంగుది న్యూట్రల్. మన కళ్ళతో చూస్తే అంతా తలకిందులే.

పని ఎలక్ట్రీషియన్‌దే అయినా ఏం చేయించాలో నీకు తెలియాలి. గోడలో కేబుల్ ఐదు తీగలది, 6 చదరపు మిల్లీమీటర్లది వేయించు. ఒంటి ఫేజే కదా అని మూడు తీగలతో సరిపెట్టవద్దు, రేపు కారు మారితే గోడ మళ్ళీ తవ్వాలి. 25 మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో నీ కారు 16 ఆంపియర్లు లాగితే ఐదున్నర వోల్టులు పడిపోయి, 90 వాట్లు రాత్రంతా గోడలో వేడిగా పోతాయి. 6 అయితే 37 వాట్లే.

ఈ లైనుకి విడిగా ఎమ్‌సీబీ (కరెంటు మోతాదు మించితే పడే స్విచ్చు), విడిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీడీ (కరెంటు లీకైతే పడే స్విచ్చు) ఉండాలి, ఇంటి ఆర్‌సీడీ వెనక తగిలించకూడదు. కారు నుంచి లీకయ్యే డీసీ మామూలు టైప్ ఏ ఆర్‌సీడీని మొద్దుబారుస్తుంది, నిజంగా షాక్ కొట్టినప్పుడు అది పడకపోవచ్చు. బాక్సులోనే 6 మిల్లీ ఆంపియర్ల డీసీ కనిపెట్టే ఏర్పాటుంటే టైప్ ఏ చాలు. లేకపోతే టైప్ బి, దాని ధర చూస్తే గుండె ఆగుతుంది. అందుకే బాక్స్ కొనేముందే కాగితంలో ఆ సంగతి వెతుకు.

అన్నిటికంటే న్యూట్రల్ స్క్రూ మీద కన్నేసి ఉంచు. మూడు ఫేజుల కారు సమంగా లాగుతుంది కాబట్టి న్యూట్రల్‌లో దాదాపు ఏమీ పారదు. నీ కారుకి పూర్తి 16 ఆంపియర్లూ న్యూట్రల్ గుండానే వెనక్కి వస్తాయి. ఆ స్క్రూ వదులైతే మొదట అక్కడే మాడుతుంది. ఇంటి మెయిన్ న్యూట్రలే ఊడితే మరీ ఘోరం: ఫేజుల వోల్టేజీ అటూ ఇటూ ఊగి, 230 సామాన్ల మీద 300 పైన పడి టీవీ, ఫ్రిజ్ కాలిపోతాయి. టార్క్ స్క్రూడ్రైవర్‌తో బిగించమను, చివర్లో కొలతల రిపోర్టు అడిగి దాచుకో.

ఫేజుల వరస తిరగబడ్డా ఫర్వాలేదు, ఇది మోటారు కాదు. కానీ బాక్సులో నీ కారుకి అందేది మొదటి ఫేజు టెర్మినలే. ఇంట్లో ఏ ఫేజు మీద బరువు తక్కువుందో చూసి ఆ తీగని అక్కడ పెట్టమను. ఓవెన్, వాషింగ్ మెషీన్ ఉన్న ఫేజు మీదే కారూ ఎక్కితే మెయిన్ ఫ్యూజు అలుగుతుంది.

ఒంటి ఫేజు కారుకి ఒక లాభమూ ఉంది. ఛార్జింగ్ 6 ఆంపియర్లకంటే తక్కువలో నడవదు. మూడు ఫేజుల కారుకి అది 4.1 కిలోవాట్లు, నీకు 1.4 చాలు. కప్పు మీద సోలార్ పెట్టుకుంటే మబ్బు పట్టిన రోజు కూడా నీ కారు ఎంతో కొంత తాగొచ్చు.

డీసీ ఫాస్ట్ ఛార్జింగ్ వేరే కథ. యూరప్ స్తంభాలకి సీసీఎస్ 2 అనే ప్లగ్గు ఉంటుంది, నీ కారు మూతికి పట్టదు. దూరప్రయాణాలు ఎక్కువైతే, నన్నడిగితే కారు మార్చడమే నయం.

మొదటిరోజు గంటసేపు ఛార్జింగ్ అయ్యాక ప్లగ్గుని రెండు చివర్లా పట్టుకుని చూడు. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ముందు కారు నుంచి ఛార్జింగ్ ఆపి, ఆ తర్వాతే ప్లగ్గు లాగి, ఎలక్ట్రీషియన్‌ని పిలువు. ఎలక్ట్రీషియన్ కొటేషన్ పంపగానే నాకు ఫోటో పెట్టు, ఆర్‌సీడీ టైపు ఏది రాశాడో చూస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య