కుక్కర్, మిక్సీలతో వచ్చిన పాత వంటల పుస్తకాలు బెజవాడలో ఎక్కడ దొరుకుతాయి? అవి ఏ కాలంవో ఎలా తెలుస్తుంది?

ముందు ఇంట్లో అటక వెతకండి. తర్వాత ఏలూరు రోడ్డులో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులు. ‘వంటల పుస్తకాలు’ అంటే లావుపాటివి తీస్తారు. కంపెనీలు ఊరికే ఇచ్చిన పల్చటివి కావాలని విడమరిచి చెప్పాలి.

వీటి మీద చాలాసార్లు సంవత్సరం ఉండదు. వెనక అట్ట మీద కంపెనీ అడ్రసు చూడండి. ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతదే. లేదు కదా అని అంతకు ముందుదనుకోవద్దు, పిన్‌కోడ్ వచ్చాక కూడా అది వేయనివాళ్లుంటారు. కొలతలు ఔన్సుల్లో ఉంటే బాగా పాతదేనని ఆశ పెట్టుకోవచ్చు.

నూనె మరకలున్నా, పక్కన పెన్సిల్‌తో ‘కారం తగ్గించాలి’ అని రాసున్నా వదలొద్దు. నాకైతే అవే ముద్దు! మన ఉక్కపోతకు పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి; మెల్లగా ఊడదీసి నూలు దారంతో కుట్టండి. లామినేషన్ మాత్రం చేయించకండి.