రుచి ఏదీ? - కొత్తగా రాస్తున్న అమ్మాయికి ఉత్తరం

ప్రియమైన అమ్మాయికి,

ఆశీస్సులు. నీ వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. మొదటి జీతంలోంచి డబ్బు తీసి పక్కన పెట్టుకుని, హైదరాబాదులోని ఒక పెద్ద హోటలు రెస్టారెంటుకు ఒంటరిగా వెళ్ళి, ఏడు వంటకాల తెలుగు విందు తిని, దిగులుగా ఇంటికి వచ్చిన సంగతి రాశావు. నీ బాధ నాకు తెలియనిది కాదు. కాని వ్యాసం ముగిసేసరికి నీకు ఎంత కోపం వచ్చిందో తెలిసింది గాని, నువ్వేం తిన్నావో తెలియలేదు.

చాలా ఏళ్ళ క్రితం నేనూ ఇలాంటి వ్యాసమే రాశాను. ఒక పత్రిక కోసం అలాంటి చోటికే ఒంటరిగా వెళ్ళి, అరచేయంత గిన్నెలో, పైన మీగడ నురగతో తెచ్చిపెట్టిన ఉలవచారు తిని, ‘రుచీ పచీ లేదు’ అని రాసి పంపాను. సంపాదకుడు ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన ‘రుచి ఏదీ?’ అని రాసి తిప్పి పంపాడు. జవాబు కోసం వెతుక్కుంటే నా దగ్గర ఏమీ లేదు. నాలుగో వంటకం వచ్చేసరికే నేను నాలుక మీది పదార్థాన్ని వదిలేసి, పక్క బల్లల వాళ్ళు నన్ను చూస్తున్నారేమోనని చూస్తూ కూర్చున్నాను. ఒంటరిగా తినేటప్పుడు వచ్చే చిక్కు ఇదే. ‘ఇందులో ఉప్పు తగ్గింది కదూ’ అంటే ఔననడానికో కాదనడానికో ఎదుట మరో నాలుక ఉండదు, మనసు తిండిని వదిలి మన మీదికే మళ్ళుతుంది.

డబ్బు కూడబెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఒక్కొక్క చెంచా ఆగి తిన్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది. చింతపండు పులుపు ముందుగా, పదునుగా తగిలింది, ఆ తర్వాత రావలసిన ఉలవల కమ్మదనం రానేలేదు. గొంతు దిగాక నాలుక మీద పలుచని జిగురు మాత్రం మిగిలింది. రాత్రంతా నానిన ఉలవలను ఉడకబెట్టి, ఆ కట్టును వార్చి, సన్నని సెగ మీద గంటల తరబడి మరగనిస్తేనే ఉలవచారు దానంతటది చిక్కబడుతుంది. ఆ మరుగు చాలనప్పుడు పిండి కలిపి చిక్కదనం తెస్తారు, నాకు తగిలిన జిగురు అదే. ఈ మాట రాయగలిగాక నాకు కోపంతో పని లేకపోయింది.

నీ గోంగూర సంగతి కూడా అలాగే చూడు. ‘గోంగూరలా లేదు’ అన్నావు. ఆ పులుపు ఆకుదా, పైన పోసిన చింతపండుదా? ఎర్ర గోంగూర కొరికినట్టు పుల్లగా ఉంటుంది, తెల్లదానికి పులుపు తక్కువ. ఆకు సరిగ్గా మగ్గకపోతే పసరు వాసన మిగులుతుంది, నూనె మాడితే కనరు తగులుతుంది. వగరు, చప్పన, నీచు, కమ్మన అంటూ ఇన్ని మాటలు మన ఇళ్ళలో రోజూ వాడుకలో ఉండగా, నీ ఆరు పేజీల్లో ‘చెత్త’ అన్నమాట నాలుగుసార్లు కనిపించింది. ఆ నాలుగు చోట్లా నిజంగా ఏం తగిలిందో గుర్తు చేసుకుని రాయి.

బిల్లు దగ్గర ‘దోచుకున్నారు’ అన్నావు. నువ్వు జతచేసిన బిల్లు చూశాను. విందు ధర 4,500 రూపాయలు, పది శాతం సర్వీసు చార్జి 450, ఆ 4,950 మీద 18 శాతం జీఎస్టీ 891, మొత్తం 5,841. గది అద్దె రోజుకు 7,500 దాటే హోటళ్ళలోని రెస్టారెంట్లకు ఆ పన్ను రేటు వర్తిస్తుంది, అందుకు వాళ్ళను నిందించడం తగదు. సర్వీసు చార్జి సంగతి వేరు. దాన్ని తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. నీ న్యాయమైన ఫిర్యాదు ఆ 450, దాని మీది పన్ను 81, కలిపి 531 రూపాయలు. అంతే రాయి, గట్టిగా రాయి.

రెస్టారెంటు పేరు రాయవచ్చా అని అడిగావు. ఒక్క రాత్రి భోజనంతో వద్దు. ఆ రోజు అసలు వంటమనిషి సెలవులో ఉండవచ్చు. మరోసారి తిని, అప్పుడూ ఇలాగే ఉంటే నిర్భయంగా రాయి.

చివర్లో బండి మీది మిరపకాయ బజ్జీ ఇంతకంటే నయమన్న పేరా తీసేయి. అది అందరూ రాసేదే, పైగా ఆ బజ్జీ ఆ రాత్రి నువ్వు తిననే లేదు.

మూడో పేజీ మధ్యలో, గుమ్మం దగ్గర ఒకరు, బల్ల దగ్గర మరొకరు ‘ఒక్కరేనా?’ అని అడిగారనీ, ఎదుటి కుర్చీ ముందున్న పళ్ళెం, గ్లాసు చప్పుడు కాకుండా తీసేసి నిన్ను వంటింటి తలుపు పక్కన కూర్చోబెట్టారనీ రాశావు. ఆ తలుపు తెరుచుకున్నప్పుడల్లా నీ మెడ మీద పడిన వేడిగాలి నాకు ఇక్కడ తగిలింది. వ్యాసాన్ని అక్కడ మొదలుపెట్టు.

తిరగరాసిన ప్రతిని కాగితం మీదే పోస్టులో పంపు. అంచులు కాస్త వెడల్పుగా వదిలితే నేను రాయడానికి వీలుగా ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ మాష్టారు